కారుషెడ్డు తలుపు, కడలి ఉప్పు

నెల్లూరు సీమ తీరమున మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నము, తూపిలిపాళెము మున్నగు గ్రామములలో గృహస్థుడు ముచ్చటపడి ఇల్లు కట్టుకొని, ముందుభాగమున కారుషెడ్డు వేయించి, దానికొక షట్టరు పెట్టించిన మూడు నాలుగేండ్లలోనే, అది పైకెత్తబోగా సగములో బిగిసి నిలిచిపోవుటయు, అడుగుపట్టీ చేయి తగిలినంతనే పొరలు పొరలుగ రాలుటయు, తాళపుచెవి తిరుగకుండుటయు చూచి, నాసిరకపు సరకు అంటగట్టిరని అమ్మినవానిని నిందించుట పరిపాటి. ఆ నింద కొన్ని యెడల న్యాయమే కావచ్చును. కాని అదే రేకుతో, అదే పనితనముతో తయారైన షట్టరు మెట్టసీమయగు ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో అంతకంటె చాలకాలము మన్నుటయు, ఒకే ఇంటికి సముద్రమువైపు పెట్టిన గేటు ముందుగ చెడి పడమటివైపు గేటు నిలిచియుండుటయు గమనించినవారికి, ఇందు సరకు గుణముతోపాటు వేరొక బలము కూడ పనిచేయుచున్నదని తోపకపోదు.

మరమ్మతు అనగా విరిగినదానిని ఊడదీసి క్రొత్తదానిని బిగించుటయే యని మనవారి తలంపు. నా నమ్మకము అది కాదు. తలుపు మరమ్మతులో సగము పని నిదానము, అనగా చెడుగునకు మూలమును కనిపెట్టుట. చెడుగు కనబడు తావు వేరు, అది పుట్టిన తావు వేరు. ఆ పుట్టిన తావు ఇంటి వయస్సును బట్టియు, ఆ ఇల్లు కట్టిన కాలమున చేతికందిన పదార్థములను బట్టియు మారుచుండును. నూరేండ్ల పెంకుటింటి టేకు తలుపునకు చేయదగిన చికిత్స నలువదియేండ్ల డాబాయింటి ఇనుపగేటునకు పనికిరాదు. ఆ గేటునకు చేసినది నిన్నమొన్నటి మోటారు షట్టరునకు హాని చేయును. వీనినన్నిటిని కలుపు సూత్రమొక్కటే, అది సముద్రపుగాలిలోని ఉప్పుతేమ.

సముద్రజలమున కిలో ఒకటికి దాదాపు 35 గ్రాముల లవణములు కరగియుండును. ఒడ్డున అల విరిగినపుడు నీటిలో చిక్కుకొన్న గాలి బుడగలై పైకివచ్చి పగులును. పగిలిన ప్రతి బుడగనుండియు అతిసూక్ష్మములైన ఉప్పునీటి తుంపరలు ఎగసి గాలిలో కలియును. వానిలో పెద్దవి ఒడ్డుననే రాలిపోవును. చిన్నవి గాలితోకూడ లోపలికి పయనించును. తీరమునుండి దూరమేగినకొలది ఈ ఉప్పు త్వరితముగ తగ్గిపోవును. అధికభాగము మొదటి కొన్ని వందల మీటర్లలోనే దిగిపోవును. కావుననే మైపాడు ఒడ్డుననున్న ఇంటికిని, అచ్చటికి ఇరువది కిలోమీటర్లకు పైబడి పడమరనున్న నెల్లూరు పట్టణపు ఇంటికిని ఒకే రకపు రేకు, ఒకే రకపు రంగు చాలునని చెప్పుట అవివేకము.

వేసవిలో మధ్యాహ్నవేళ సముద్రపుగాలి తిరిగి, రాత్రి నేలగాలి వీచును గనుక, తలుపునకు దినమున కొంత విరామమైన దొరకును. అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనకాలమున ఆ విరామము తగ్గును, గాలి సముద్రముమీదుగనే వచ్చుచుండును. ఈ సీమకు సంవత్సరమున కురియు వర్షములో సగమునకు మించి ఆ మూడు మాసములలోనే కురియుటచేత తేమయు అప్పుడే అధికము.

ఉప్పు పొడిగానుండగా ఇనుమునకు చేయు కీడు స్వల్పము. కాని సాపేక్ష ఆర్ద్రత ఇంచుమించు 75 శాతము దాటినంతనే మనము వాడుకొను ఉప్పు, అనగా సోడియం క్లోరైడు, గాలిలోని తేమను పీల్చుకొని తానే ద్రవమగును. సముద్రపుటుప్పులో దానితోపాటు కలిసియుండు మెగ్నీషియం క్లోరైడు ఇంకను ఆశపోతు. 33 శాతము ఆర్ద్రతయే దానికి చాలును. వానచినుకు లేని చైత్రమాసపు తెల్లవారుజామున కూడ గేటుకమ్మి వ్రేలికి జిగటగా తగులుటకు కారణమిదియే. చూపునకు పొడిగానున్న ఇనుము నిజమునకు ఉప్పునీటి పలుచని పొరతో కప్పబడియున్నది. కన్నులకగపడని ఆ పొరయే తుప్పునకు పుట్టినిల్లు.

తుప్పు పట్టుట యనునది విద్యుద్రసాయనిక వ్యాపారము. ఇనుము ఒకచోట తన ఎలక్ట్రానులను వదలి నీటిలో కరగును. ఆ ఎలక్ట్రానులు లోహమునందే ప్రయాణించి వేరొకచోటికి పోయి, అచ్చట నీటిలో కరగియున్న ఆమ్లజనిని, అనగా ఆక్సిజనును, చేరును. ఈ రెండు తావులు వేరువేరని కేంబ్రిడ్జి పండితుడు యు. ఆర్. ఎవాన్సు 1920 దశకమున మిక్కిలి సులభమైన ప్రయోగముతో నిరూపించెను. శుభ్రమైన ఉక్కుపలకపై ఒక్క ఉప్పునీటిచుక్క వేసి చూడగా, గాలి చక్కగా అందుచున్న చుక్క అంచున లోహము చెక్కుచెదరక నిలిచెను. ఆమ్లజని అందని నడిభాగముననే లోహము కరగి గుంటపడెను. సామాన్యబుద్ధికి ఇది తలక్రిందుగ తోచును, ఏలయనగా గాలి తగిలినచోటనే తుప్పు పట్టునని మనము భావింతుము. నిజమేమనగా, తడి నిలిచి గాలి చొరరాని ఇరుకుసందులే లోహమునకు ప్రాణాంతకములు. షట్టరుపట్టీలు ఒకదానిలోనొకటి చుట్టుకొని కలియు మడతలు, నేలకానియుండు అడుగుపట్టీ, రెండు ప్రక్కల గైడులలో పేరుకొన్న దుమ్ము, ఉబ్బిన రంగు క్రిందనున్న ఖాళీ, ఇవన్నియు ఎవాన్సు చూపిన చుక్క నడిభాగములే.

దీనికి తోడు మరియొక విషయము కలదు. తెలిసినవారు కూడ దీనిని మరచుచుందురు. వాన ఉప్పును కడిగివేయును. ఆరుబయటనున్న గేటుపై నాలుగు వానలు కురిసినచో అప్పటివరకు చేరిన ఉప్పు చాలవరకు పోవును. చూరు క్రింద, సజ్జా క్రింద, షట్టరుచుట్ట దాగియుండు పైపెట్టెలోపల వాన తగులదు, గాలి మాత్రము తగులును. అందుచేత అచ్చట ఏటికేడు ఉప్పు పేరుకొనుచునే యుండును. వానకు తడియకుండ భద్రముగనున్నదని గృహస్థుడు నిశ్చింతగ నుండు భాగమే ముందుగ చెడును.

ఈ క్షయమును కొలిచి చూచుట మనదేశమునకు క్రొత్త కాదు. 1948లో శంకుస్థాపన జరిగి 1953లో ప్రారంభమైన కారైక్కుడి కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థవారు, మండపము అను ఊరి ఒడ్డునను మరి పలుచోట్లను లోహపుపలకలను ఎండకు వానకు నిలిపి, కాలక్రమమున ఎంత లోహము నష్టమగునో తూచి, దేశమునకంతకు ఒక క్షయపటమును సిద్ధపరచిరి. అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము మిక్కిలి ఉప్పుగల తీరవాతావరణమున, రక్షణ లేని ఉక్కు మొదటి సంవత్సరముననే 80 మొదలు 200 మైక్రానుల మందము కోల్పోవును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. మన షట్టరుపట్టీ మందము ఒక మిల్లీమీటరుకు కొంచెము అటునిటుగ నుండును. ఆ క్షయము రెండు ముఖముల నుండియు జరుగును. మూడు నాలుగేండ్లలో చిల్లులు పడుటలో వింతయేమున్నది?

ఇక ఇండ్లసంగతి. అల్లూరు, కోవూరు, ఇందుకూరుపేట ప్రాంతములలో నేటికిని నిలిచియున్న పాత పెంకుటిండ్లను, మిద్దెలను చూచినచో, వీథివాకిటికి రెండు రెక్కల బరువైన కొయ్యతలుపు, ప్రక్కన బండియు ఎద్దులును పట్టునంత కొట్టము, ఆ కొట్టమునకు ఒక వెడల్పాటి తలుపు కనబడును. నేడు ఆ కొట్టములలో పెక్కింట కారు నిలుచుచున్నది. ఆ కాలపు కలిగినవారు బర్మానుండి ఓడలమీద మద్రాసు మొదలగు రేవులకు దిగిన టేకును తెప్పించుకొనిరి. తీరము వెంబడి సాగు బకింగుహాము కాలువ, రైలు రాకపూర్వమును వచ్చిన పిదపను, పడవలమీద బరువైన సరకులను ఈ పల్లెలకు చేర్చుచుండెను. టేకుచేవలో చమురును, చెదను దరికి రానీయని సహజరసములును ఉండుటచే అది ఉప్పుగాలిని తేలికగ ఓర్చుకొనును. కొయ్యకు ఉప్పు శత్రువు కాదు. దాని చిక్కంతయు తేమ హెచ్చుతగ్గులతోనే.

కొయ్య గాలిలోని తేమను బట్టి తనలో నీరు నింపుకొనుచు విడుచుచు నుండును. వడగాలులు వీచు రోజులలో దాని బరువులో నూటికి ఎనిమిది తొమ్మిది వంతుల నీరున్నచో, కార్తికమాసపు ముసురులో పదునేడు పదునెనిమిది వంతుల వరకు పోవచ్చును. నిలువున, అనగా నారవెంబడి, అది పెరుగుట లెక్కకు రాదు. అడ్డముగ మాత్రము టేకు, కోసిన తీరును బట్టి, నీరు ఒక్క శాతము పెరిగినపుడు ఇంచుమించు వెయ్యింట రెండు పాళ్ళు వెడల్పగును. 45 సెంటీమీటర్ల వెడల్పుగల రెక్క ఒక్కటే పలకగానున్నచో వేసవికిని వానకును నడుమ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్ల తేడా వచ్చును. రెండు రెక్కలకును కలిపి పదునారు. పాత వడ్రంగులు ఈ లెక్కను కాగితముమీద వేయకయే చేతితో ఎరిగియుండిరి. చుట్టును సన్నని చట్రము కట్టి, నడిమి పలకలను గాడులలో మేకులు కొట్టక వదులుగ నిలిపిరి; పలక పెరిగినను తరిగినను గాడిలోనే సర్దుకొనును, తలుపు వెడల్పు మారదు.

అట్టి తలుపు పట్టేసినదని నవంబరులో వడ్రంగిని పిలిపించి అంచులు చిత్రికపట్టించుట ఈ ప్రాంతమున తరచుగ జరుగు పొరపాటు. ఏప్రిలు వచ్చునప్పటికి కొయ్య తరిగి, రెక్కల నడుమ వ్రేలు దూరునంత సందు ఏర్పడును. మరల వానకాలమున కొంత మూసికొనును. ఇట్లు రెండు మూడు పర్యాయములు చిత్రికపట్టిన రెక్కకు గడియ అందదు. పట్టేసిన తావున సుద్దతో గుర్తుపెట్టి, పొడిదినములవరకు ఓపికపట్టి, అప్పుడును రాచుకొనుచున్నచో అంతమేరకే తీయవలెను. నిజమునకు చాల తలుపులు పట్టేయుటకు కారణము పెరుగుట కాదు, దిగుట. పైబందు మరలు వదులై రెక్క ముందుకు వ్రాలినపుడు, అది గడపను రాచుకొని నానినట్లు కనబడును. మరి పాత తలుపులలో బందులే ఉండవు. రెక్కకు పైనను క్రిందను చెక్కిన మొనలు పైకమ్మిలోను గడపలోను తొలిచిన గుంటలలో తిరుగుచుండును. నూరేండ్ల రాపిడికి క్రిందిమొన అరిగినపుడు రెక్క మొత్తము అరఅంగుళము దిగును. ఆ గుంటలో చిన్న ఇత్తడిబిళ్ళయో గట్టికొయ్యముక్కయో వేసి ఎత్తు సరిచేసినచో చిత్రిక అక్కరయే ఉండదు.

రంగు వేయువారు రెక్క ముఖములు రెండును నున్నగ పూసి, అడుగంచును పైయంచును వదలివేయుదురు. నార తెగిన ఆ అంచులనుండియే కొయ్య నీటిని మిక్కిలి వేగముగ పీల్చుకొనును. తలుపు ఊడదీసిన దినమున అడుగంచునకు రెండుమార్లు నూనెయో రంగో పట్టించుట మిగిలిన ముఖమంతటికి రంగు వేయుటకంటె విలువైన పని. ఊడిన మరలకు బదులు ఇత్తడిమరలు వేయవలెను. ఇనుపమరలు తుప్పుపట్టి ఉబ్బి కొయ్యను చీల్చును.

1960 మొదలు 1990 దాక కట్టిన డాబాలది వేరొక తీరు. కొయ్య ప్రియమైనది, ఇనుము సులభముగ దొరకినది. యాంగిలుచట్రములు, గ్రిల్లు తలుపులు, మడతపడు ఇనుపగేట్లు ఇంటింటికి వచ్చినవి. ఈ ఇండ్లలో గృహస్థుడు చెప్పు ఫిర్యాదు గేటు బిగిసిపోయినదని, చూడవలసినది గోడను. గేటుచట్రమును గోడలో నిలుపు ఇనుపహోల్డుఫాస్టులు ఇటుకలనడుమ తుప్పుపట్టుచుండును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి సిమెంటుపూత నిలువున పగిలి, స్తంభము లోనికి త్రోయబడి, గేటు ఇరుకును. అట్టిచోట గేటు అంచు కోసి వదులుచేయుటయు, గోడచీలికలో సిమెంటు మెత్తుటయు రెండును వృథా. గోడ తొలిచి ఆ ఇనుమును పూర్తిగ తీసి, యశదపు, అనగా జింకు, పూతగల క్రొత్తదానిని పెట్టవలెను.

కాంక్రీటులోని ఇనుమునకు సహజముగ ఒక కవచము కలదు. సిమెంటు క్షారగుణముచేత ఇనుముపై కరగని పలుచని పొర ఏర్పడి దానిని కాపాడును. క్లోరైడు ఆ పొరను ఛేదించును. ఇనుము వేసిన కాంక్రీటునకు కలుపు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదని భారత ప్రమాణము విధించుచున్నది. తీరగ్రామముల బోరునీటిలో అంతకు మించియుండుట కద్దు. ఆ నీటితోనే కట్టిన స్తంభమునకు గేటు తగిలించిన దినమే దాని ఆయుర్దాయము కుదించుకుపోయినది. మరమ్మతుకు కూడ అదే నీరు వాడుట మరింత విచారింపదగిన విషయము.

షట్టరు అన్నిటికంటె చమత్కారమైన యంత్రము; దానిని గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను. రెండున్నర మీటర్ల ఎత్తు, అంతే వెడల్పుగల షట్టరు బరువు ఇంచుమించు 80 కిలోలుండును. దానిని పదునైదేండ్ల బాలుడు కొక్కెముతో పట్టి పైకెత్తగలుగుచున్నాడు. పైపెట్టెలోని పైపులో చుట్టియున్న ఉక్కుస్ప్రింగులే ఇందులకు కారణము. షట్టరు దిగుచున్నప్పుడు స్ప్రింగులు బిగియును. ఎత్తునప్పుడు ఆ బిగువు విడివడి మన చేతికి సాయపడును. స్ప్రింగును ఎంత త్రిప్పితిమో అంత ఎదురుబలము చూపునని రాబర్టు హుక్కు 1678లో ప్రకటించిన నియమము ఇచ్చట చక్కగ అమరినది. షట్టరు దిగినకొలది వ్రేలాడు పట్టీల బరువు క్రమముగ పెరుగును, స్ప్రింగు బలమును అదే క్రమమున పెరుగును. ఎత్తినకొలది రెండును తగ్గును. ఈ జత సరిగ కుదిరిన షట్టరును ఏ యెత్తున వదలినను అచ్చటనే నిలుచును. మరమ్మతుదారుడు చేయవలసిన మొదటి పరీక్ష ఇదియే. నడుమ వదలినపుడు క్రిందికి జారుచున్నచో స్ప్రింగు దిగిపోయినది, లేదా విరిగినది. తానే పైకి పోవుచున్నచో అతిగ బిగించిరి. ఏ వైపునకును కదలక, చేతితో త్రోసినను బరువుగ తోచుచున్నచో స్ప్రింగునందు దోషము లేదు. గైడులు వంగియో, మడతలలో తుప్పు నిండియో రాపిడి పెరిగినది. ఈ మూడవ సందర్భమున కూడ స్ప్రింగునే బిగించువారు పలువురు. ఆ బిగింపువలన రెండు మాసములు తేలికగ నడచి, పిదప స్ప్రింగు తెగును.

స్ప్రింగు ఏల తెగును? ఉక్కును ఒకమారు వంచినపుడు విరువని బలమే, వేలమార్లు వంచి వదలినపుడు విరుచును. రైలుబండి ఇరుసులు తగినంత బలముగ నుండియు హఠాత్తుగ విరుగుటకు హేతువు వెదకుచు జర్మనీలో ఆగస్టు వ్యూలరు అను ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్దమున చేసిన పరీక్షలు ఈ లోహశ్రాంతిని లోకమునకు తెలిపినవి. ఒక హద్దునకు లోబడిన బలము ఎన్నిమార్లు ప్రయోగించినను ఉక్కు విరుగదని ఆయన పరీక్షలవలన తేలినది. ఆ హద్దు పొడిగాలిలోనే. ఉప్పునీరు సోకిన ఉక్కునకు అట్టి హద్దే లేదు. తుప్పు త్రవ్విన ప్రతి గుంటయు ఒక పగులునకు ఆరంభమగును. అమెరికాలో సామాన్య గృహముల కారుతలుపు స్ప్రింగులకు పదివేల ఆవృత్తుల జీవితమును లెక్కింతురు. దినమునకు నాలుగుమార్లు తెరచి మూసినచో అది ఏడేండ్లకు సరిపోవును. గ్రీజు ఎరుగని తీరపు స్ప్రింగునకు అంత కాలము ఆశింపరాదు.

మూసియున్న షట్టరుస్ప్రింగులలో దాగియున్న శక్తి స్వల్పమైనది కాదు. 80 కిలోల బరువును సగటున మీటరుంబావు ఎత్తునకు లేపుటకు దాదాపు వెయ్యి జౌళ్ళ శక్తి కావలెను. అనగా 50 కిలోల సిమెంటుబస్తా రెండు మీటర్ల ఎత్తునుండి తలపై పడినంత. పైపు చివరి బోల్టును తెలియక వదులుచేసినవానికి ఆ శక్తియంతయు రెప్పపాటున ఎదురగును. ఈ పనిలో చేతివ్రేళ్ళు పోగొట్టుకొనినవారు ఉన్నారు. ఎంత నేర్పరియైన గృహస్థుడును, ఎంత అవసరమైనను, షట్టరు స్ప్రింగును తాను విప్పరాదని గట్టిగ చెప్పుచున్నాను. గైడులు తుడుచుట, గ్రీజు పూయుట, తాళము సరిచేయుట మాత్రము నిరభ్యంతరముగ చేసికొనవచ్చును. వాడి తీసిన ఇంజనాయిలును గైడులలో పోయు అలవాటు మాత్రము మానవలెను. అది దుమ్మును ఉప్పును కలిపి పట్టియుంచి, అరుగుదలను హెచ్చించును. గైడులకు మైనము రాచిన చాలును. గ్రీజు స్ప్రింగులకును బేరింగులకును.

ఇనుమును కాపాడుటకు దానిపై యశదము పూయు విధానమునకు ఫ్రాన్సులో సొరెలు 1837లో హక్కుపత్రము పొందెను. అంతకు పదుమూడేండ్లముందు 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులకు ఇనుపముక్కలు, యశదపుముక్కలు తగిలించి, అవి తాము కరగి రాగిని కాపాడునని చూపియుండెను. పూతకు గీత పడినను ప్రక్కనున్న యశదము తాను క్షయించి ఇనుమును కాచును. రంగునకు ఈ శక్తి లేదు. కాని యశదమును తరుగునదే, ఎంతయున్నదో అంతకాలమే. "జీఐ రేకు" అను మాటతో తృప్తిపడక ఎన్ని గ్రాముల పూతయని అడుగవలెను. చదరపు మీటరుకు రెండు ముఖములకును కలిపి 120 గ్రాములున్నచో, ఒక్కొక్క వైపు ఎనిమిదిన్నర మైక్రానులకు మించదు. తీవ్రమైన తీరగాలిలో యశదము ఏటికి నాలుగు మొదలు ఎనిమిది మైక్రానులవరకు పోవును గనుక అది రెండేండ్లు నిలిచిన గొప్ప. 275 గ్రాముల రేకు అంతకు రెట్టింపునకు మించి మన్నును. తయారైన గేటునంతను కరగిన యశదములో ముంచి తీసినచో, మందపు ఉక్కుపై 85 మైక్రానుల పొర ఏర్పడును. గేటునకు పెట్టు ఖర్చులలో నా దృష్టికి ఇంతకంటె సార్థకమైనది లేదు.

మరమ్మతులో వెల్డింగు చేయుచోట ఈ పూత నశించును. యశదము 419 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగి, 907 వద్ద ఆవిరియగును. వెల్డింగు వేడిమి అంతకు ఎంతయో అధికము. ఆ ఆవిరి పీల్చినవానికి చలిజ్వరము వచ్చును కూడ. అతుకు చల్లారిన పిమ్మట తుప్పును గరుకుకాగితముతో రుద్ది, యశదము అధికముగగల రంగును ముందు పూసి, దానిపై ఇష్టమైన రంగు వేయవలెను. ఇచ్చట రెడ్ ఆక్సైడు ఒక్కటి పూసి ఊరకుండుట వాడుక, అది చాలదు. అల్యూమినియం చట్రమునకు స్టెయిన్‌లెస్ మరలు బిగించుట మరియొక పొరపాటు. ఉప్పుతేమలో రెండు భిన్నలోహములు తగిలియుండగా బలహీనమైనది త్వరగ తినబడును. మరచుట్టు తెల్లని పొడి రాలుట దాని గుర్తు. నడుమ రబ్బరు వాషరు వేసినచో ఆ క్షయము కొంత తగ్గును. స్టెయిన్‌లెస్‌లోనైనను 304 రకము ఒడ్డున గోధుమమచ్చలు పట్టును; మాలిబ్డినము రెండుమూడు శాతము కలిసిన 316 రకమే ఉప్పునకు ఓర్చును.

ఈ తీరమునకు తుపానులు అలవాటైన అతిథులు. 1927 నవంబరులో నెల్లూరును చెరచిన తుపానును తాతలు తమ మనుమలకు చెప్పిరి. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమున తీరము దాటినదానిని కన్నులార చూచినవారు నేటికిని కలరు. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గమును బట్టి పెరుగును. నెల్లూరు ప్రాంతమునకు భారత ప్రమాణము నిర్ణయించిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగమున చదరపు మీటరుకు 1500 న్యూటనుల ఒత్తిడి కలుగును. మన రెండున్నర మీటర్ల షట్టరుపై మొత్తము దాదాపు ఒక టన్ను బరువు ఆనినట్లు. ఆ ఒత్తిడికి పట్టీలు లోనికి వంగి, వాని చివరలు గైడులనుండి జారును. షట్టరు ఊడినయెడల నష్టము షెడ్డుతో పోదు. లోపల చొరబడిన గాలి క్రిందినుండి పైకప్పును ఎత్తును, అదే సమయమున బయటిగాలి దానిని పైకి లాగును. రేకులకప్పులు ఎగిరిపోవుటలో ఈ రెండు బలముల కలయిక పాలు పెద్దది. తుప్పు తినిన గైడు అంచు పైకి నిక్షేపముగ కనబడుచునే ఆ రాత్రి మోసగించును. కావున దాని లోతును, గోడకు పట్టియుంచు బోల్టులను సెప్టెంబరులోనే సుత్తితో తట్టి పరీక్షింపవలెను. వెడల్పైన షట్టరునకు నడుమ తీసి పెట్టుకొనదగిన ఇనుపకమ్మి నొకదానిని నేలలోను పైదూలములోను నిలుపునట్లు చేయించుకొనుట స్వల్పవ్యయముతో కూడిన గొప్ప రక్షణ.

రొయ్యలసాగు వచ్చిన తరువాత లేచిన మేడలలో మోటారు షట్టర్లు, రిమోటు గేట్లు కానవచ్చుచున్నవి. పైకి లేచు కారుతలుపును సి. జి. జాన్సను అమెరికాలో 1921లో కల్పించి, 1926లో దానికి విద్యుద్యంత్రమును జతచేసెను. డల్లాసు, హ్యూస్టను నగరములలో కాపురముండు మన బిడ్డల ఇండ్లకు పోయి వచ్చిన పెద్దలు అట్టిదానినే ఇచ్చట కోరుచున్నారు. కోరదగినదే, కాని దానితోపాటు ఆ దేశపు జాగ్రత్తను కూడ తెచ్చుకొనవలెను. తలుపు క్రింద పిల్లలు చిక్కి మరణించిన పిదప, 1993 జనవరి 1 తరువాత తయారగు గృహముల తలుపుయంత్రములన్నిటికి, అడ్డు తగిలిన వెంటనే తలుపు వెనుకకు మరలు ఏర్పాటుతోపాటు, అడ్డును ముందే పసిగట్టు కాంతికన్నువంటి సాధనమును ఉండితీరవలెనని అచ్చట చట్టము చేసిరి. మన మరమ్మతుదారులు ఆ కాంతికన్ను చెడినపుడు తీగలు కలిపి దానిని లేనట్లు చేసి గేటు నడిపించి పోవుచుండుట నాకు తెలియును. ఇంటిలో పసిబిడ్డలున్నవారు దీనికి ఎంతమాత్రము సమ్మతింపరాదు. ఆ కన్ను చెడుట చాలవరకు చెడుటయే కాదు. అద్దముపై ఉప్పుపొర పేరుకొనుటవలన కాంతి అందదు, తడిగుడ్డతో తుడిచినచో మరల పనిచేయును.

మోటారు పెట్టెలోని సర్క్యూటు పలకకు సన్నని రాగిగీతలే నాడులు. ఉప్పుతేమ వానిని తినివేయును. చీమలు, బల్లులు దూరి తీగలను కలిపివేయుటయు ఇచ్చట సామాన్యము. తీగ చొచ్చు రంధ్రములు పెట్టెకు అడుగుననే ఉండవలెను, రబ్బరుబిరడాలతో మూయవలెను. కరెంటు పోయినపుడు చేతితో తెరచు గొలుసును మాసమునకు ఒకమారు లాగి చూడనిచో తుపానురాత్రి అది కదలదు.

చివరకు కడుగుటను గూర్చి. మూడు నాలుగు వారములకొకమారు మంచినీటితో షట్టరును, ముఖ్యముగ వాన తగులని లోపలిముఖమును, గైడులను, అడుగుపట్టీని కడిగి ఆరనిచ్చుట తుప్పును అడ్డుటకు మిక్కిలి చౌకయైన ఉపాయము. నీటిధార పై పెట్టెలోని స్ప్రింగులపైకి పోనీయరాదు. అచ్చట పొడిగుడ్డతో తుడిచి గ్రీజు పూయవలెను. బోరునీరు ఉప్పగానున్న గ్రామములలో ఆ నీటితో కడుగుట కడుగకుండుటకంటె చెఱుపు. డాబామీద పట్టిన వాననీరో, కుళాయినీరో రెండు బిందెలు చాలును. రంగు పనులు ఫిబ్రవరి మొదలు మే లోపల, ఎండ ఎక్కి రేకు పొడియైన తరువాత, మధ్యాహ్నపు సముద్రపుగాలి తిరుగకమునుపే ముగించుకొనవలెను. ముందు దినము కడిగి ఆరనిచ్చిన రేకుపైనే రంగు వేయవలెను. ఉప్పుమీద పూసిన రంగు తేమను లోనికి లాగి, ఆరు మాసములలో పొక్కులై లేచును.